మెదడు ఖాతాలో పాత బాకీ

పెళ్లి భోజనంలో అప్పుడే లడ్డూ తిన్న మనిషికి టీ ఇచ్చి చూడండి. ఒక గుక్క తాగి 'చక్కెర వేయడం మరిచారా?' అంటాడు. అదే కెటిల్‌లోంచి పోసిన టీ, పక్కనే కారప్పూస నములుతున్న వాడికి బాగానే తియ్యగా ఉంటుంది. తప్పు టీది కాదు. అంతకుముందు నాలుక మీద ఉన్నదానిది. వంటింట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. ఉప్పు సరిపోయిందో లేదో చూడమని అరచేతిలో కాస్త కూర వేసే ఇల్లాలు, ఆ మనిషి నోట్లో అప్పటికే ఏముందో కనిపెట్టి మరీ వేస్తుంది.

మెదడుకి బొమ్మలు తీసే శాస్త్రవేత్తలకు మాత్రం ఈ చిన్న సంగతే పెద్ద తలనొప్పి అయి కూర్చుంది. వాళ్ల ప్రయోగం చూడ్డానికి సులువుగానే ఉంటుంది. స్కానర్‌లో పడుకున్న మనిషికి ఒక బొమ్మ చూపిస్తారు. అతను ఒక బటన్ నొక్కుతాడు. రెండు సెకన్లు ఆగి ఇంకో బొమ్మ, ఇంకో నొక్కు. ఇలా ఒక్క పూటలో కొన్ని వందలు. ఒక బొమ్మనీ, దానికి వచ్చిన జవాబునీ కలిపి ఒక 'ట్రయల్' అంటారు. మరి, నూట ఒకటో ట్రయల్‌లో మెదడులో కనిపించిన వెలుగు అచ్చంగా ఆ నూట ఒకటో బొమ్మదేనా? లేక నూరోదాని రుచి ఇంకా నాలుక మీదే ఉందా? ఈ ప్రశ్న చుట్టూ దాదాపు మూడు దశాబ్దాలుగా లెక్కలూ, వాదనలూ నడుస్తూనే ఉన్నాయి.

ముందు యంత్రం సంగతి. ఇది ఆస్పత్రుల్లో మోకాలికీ, వెన్నుపూసకీ తీసే ఎంఆర్ఐ యంత్రమే. కాకపోతే ఒక్క ఫొటోతో ఆగకుండా, రెండు మూడు సెకన్లకోసారి మెదడు మొత్తాన్నీ మళ్లీ మళ్లీ తీస్తుంది. దీన్ని ఫంక్షనల్ ఎంఆర్ఐ అంటారు. 'మెదడులో ఆలోచనని ఫొటో తీశారు' అని వార్తల్లో రాస్తుంటారు కానీ, అది నిజం కాదు. యంత్రం చూసేది రక్తాన్ని. మెదడులో ఒకచోట కణాలు పనిలో పడగానే ఆక్సిజన్ నిండిన రక్తం అక్కడికి ఎగదన్నుకు వస్తుంది. అవసరానికి మించి వస్తుంది. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అయస్కాంతం ముందు ఒకేలా ప్రవర్తించవు. ఆ తేడాని పట్టుకుని మెదడు పనిని చూడవచ్చని అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న సీజీ ఒగావా బృందం 1990లో ఎలుకల మీద చూపించింది. 1992కల్లా మనుషుల మెదడు మీద ఫలితాలు వచ్చేశాయి.

చిక్కల్లా ఎక్కడంటే, రక్తం మహా తాపీ మనిషి. కణం స్పందించడానికి సెకనులో వెయ్యో వంతుల లెక్క చాలు. రక్తం మాత్రం రెండు సెకన్ల దాకా కదలదు. అయిదారు సెకన్లకి తారస్థాయికి చేరుతుంది. తర్వాత మెల్లగా దిగి, మామూలు మట్టం కన్నా కాస్త కిందికి జారి, మళ్లీ సర్దుకునేసరికి ఇరవై సెకన్లు దాటిపోతుంది. పొయ్యి ఆర్పేసినా పెనం వేడి తగ్గనట్టే. ఆ వేడి పెనం మీద రెండో దోసె పోసి, 'ఈ దోసె ఇంత త్వరగా కాలిందేం?' అని ఆశ్చర్యపోతే ఎలా?

అందుకే తొలినాళ్లలో పెనం చల్లారే దాకా ఆగేవారు. ఒక్కో బొమ్మకీ మధ్య పదిహేను, ఇరవై సెకన్లు విరామం ఇచ్చేవారు. చెవులు హోరెత్తే ఇరుకు గొట్టంలో కదలకుండా పడుకుని, ఇరవై సెకన్లకోసారి ఒక బొమ్మ చూడమంటే ఎవరికైనా విసుగు పుడుతుంది, కునుకూ పడుతుంది. పైగా స్కానర్ అద్దె గంటల లెక్కన కట్టాలి. ఖర్చంతా పెనం చల్లారడానికే సరిపోయేది!

దీనికి విరుగుడు లెక్కల్లో దొరికింది. రక్తపు అలలు ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు, వాటి ఎత్తులు దాదాపుగా కూడుకుంటాయని 1996లో జెఫ్రీ బాయింటన్ బృందం చూపించింది. మరుసటి ఏడు ఆండర్స్ డేల్, రాండీ బక్నర్ అనే ఇద్దరు పరిశోధకులు రెండు సెకన్లకోసారి ట్రయల్ పెట్టి కూడా, కలిసిపోయిన అలల్ని మళ్లీ విడదీయవచ్చని నిరూపించారు.

అదెలాగంటే... కూరగాయల బిల్లు గుర్తు తెచ్చుకోండి. విడి ధరలు తెలియవు, మొత్తం ఎంతయిందో మాత్రం తెలుసు. సోమవారం రెండు కిలోల టమాటా, కిలో ఉల్లి కొంటే 70 రూపాయలైంది. మంగళవారం కిలో టమాటా, రెండు కిలోల ఉల్లి కొంటే 80 అయింది. ఆరో తరగతి పిల్లాడు కూడా టమాటా 20, ఉల్లి 30 అని చెప్పేస్తాడు. అదే రోజూ తప్పకుండా కిలో టమాటాకి కిలో ఉల్లి చొప్పున కొన్నారనుకోండి. ఏడాది పొడుగునా బిల్లులు దాచినా ధర తేలదు. మెదడు లెక్క కూడా అంతే. స్కానర్‌లో వచ్చేది మొత్తం బిల్లు. ఏ బొమ్మ వాటా ఎంతో తేలాలంటే బొమ్మల వరసనీ, మధ్య విరామాల్నీ అటూ ఇటూ మార్చాలి. ఒకసారి రెండు సెకన్లు, ఒకసారి అయిదు, ఒకసారి మూడు. ఒక్కో రకం బొమ్మకి ఒక్కో కాలమ్ పెట్టి, అన్ని కాలమ్‌లూ కలిపితే అసలు బిల్లుకి ఎంత దగ్గరగా వస్తుందో చూస్తారు.

రెండు కాలమ్‌లు విడదీయలేనంతగా అతుక్కుపోయినప్పుడు కూడా దేనికి జవాబు చెప్పవచ్చో, దేనికి చెప్పకూడదో తేల్చే గణితం ఒకటుంది. టమాటా ధర విడిగా తెలియదు కానీ, రెండూ కలిసి 50 అని చెప్పవచ్చు కదా! 'జనరలైజ్డ్ ఇన్వర్స్' అనే ఆ గణితాన్ని తీర్చిదిద్దిన వారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు ముఖ్యులు. 2023లో నూట రెండేళ్ల వయసులో కన్నుమూసిన ఆయన పేరు మెదడు స్కాన్ల గదిలో ఎవరూ తలవకపోవచ్చు గానీ, ఆ లెక్క అక్కడ రోజూ నడుస్తుంది.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. రెండు బొమ్మల మధ్య ఒక్క సెకనే ఎడం ఇస్తే, రెండోదానికి రక్తం స్పందన తగ్గిపోతుందని, ఆలస్యంగా వస్తుందని, ఆరు సెకన్ల ఎడం ఇస్తే చాలావరకు కోలుకుంటుందని 2000లో స్కాట్ హ్యూటెల్, గ్రెగరీ మెకార్తీ రాశారు. అంటే ఒకటీ ఒకటీ కలిస్తే ప్రతిసారీ రెండు కాదన్నమాట.

ఇదంతా రక్తం పెట్టిన పాత బాకీ. ఖాతా పుస్తకంలో ఎలాగోలా సర్దేయవచ్చు. అసలు బాకీ మనసుది.

అయిదు బాణం గుర్తులు వరసగా చూపిస్తారు. మధ్య బాణం ఎటు చూపితే అటు పక్క బటన్ నొక్కాలి. అయిదూ ఒకే పక్కకి ఉంటే సులువు. దాన్ని 'సూటి' అందాం. మధ్యది ఒక పక్కకి, చుట్టూ ఉన్న నాలుగూ ఇంకో పక్కకి ఉంటే చెయ్యి తడబడుతుంది. ఇది 'తిరకాసు'. తిరకాసుకి జవాబు ఆలస్యంగా వస్తుందన్నది పాత సంగతే. 1992లో గాబ్రియేల్ గ్రాటన్, మైకేల్ కోల్స్, ఇమాన్యుయేల్ డాంచిన్ ఇటువంటి పరీక్షలోనే, బాణాలకు బదులు అక్షరాలు పెట్టి, ఇంకో మెలిక పట్టుకున్నారు. సూటి తర్వాత వచ్చిన తిరకాసు మనిషిని బాగా తడబెడుతుంది. తిరకాసు తర్వాత మళ్లీ తిరకాసే వస్తే అంత తడబాటు ఉండదు. ఒకసారి దెబ్బ తిన్నవాడు రెండోసారి కాచుకుని ఉంటాడు. సైకిల్ మీద ఒక గుంతలో పడ్డాక వీధి చివరిదాకా హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నట్టు.

ఇక్కడే స్కానర్ రంగంలోకి దిగింది. మెదడులో రెండు అర్ధగోళాలూ కలిసే లోపలి గోడ మీద, ముందువైపున యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్ అని ఒక భాగముంది. తిరకాసు వచ్చినప్పుడల్లా అది వెలుగుతుంది. ఎందుకు? రెండు వాదనలుండేవి. అది గట్టిగా పగ్గాలు పట్టి మనసుని అదుపు చేసే పెద్దమనిషి అని ఒక వర్గం. కాదు, అది 'ఇక్కడ గొడవ జరుగుతోంది' అని కేక పెట్టే కాపలాదారు మాత్రమేనని ఇంకో వర్గం. అన్ని తిరకాసుల్నీ ఒక కుప్పగా, అన్ని సూటివాటినీ ఒక కుప్పగా పోసి చూస్తే ఈ తగువు ఎన్నేళ్లయినా తేలదు. తిరకాసులో వెలుగు ఎక్కువ అని ఇద్దరూ ఒకే మాట చెబుతారు కాబట్టి.

1999లో మాథ్యూ బాట్వినిక్, జోనాథన్ కోహెన్, వారి సహచరులు ఆ కుప్పని రెండుగా చీల్చారు. సూటి తర్వాత వచ్చిన తిరకాసులు ఒక పక్క, తిరకాసు తర్వాత వచ్చిన తిరకాసులు ఇంకో పక్క. తెర మీద బాణాలు రెండింట్లోనూ అవే. తేడా అంతా అంతకుముందు జరిగినదాంట్లోనే ఉంది. ఇప్పుడు రెండు వాదనలూ విడిపోతాయి. పెద్దమనిషే అయితే పగ్గాలు బిగించి ఉన్నప్పుడు, అంటే తిరకాసు మీద తిరకాసు పడినప్పుడు ఎక్కువ వెలగాలి. కాపలాదారు అయితే మనసు ఆదమరచి ఉండి గొడవ పెద్దదైనప్పుడు, అంటే సూటి తర్వాతి తిరకాసుకి ఎక్కువ వెలగాలి. స్కాన్ కాపలాదారు పక్షాన సాక్ష్యం చెప్పింది. అయిదేళ్ల తర్వాత, 2004లో, జాన్ కెర్న్స్ బృందం ఎరుపు అన్న మాటని పచ్చరంగులో అచ్చువేసి రంగు చెప్పమనే పరీక్షతో ఇంకో అడుగు ముందుకేసింది. ఒక ట్రయల్‌లో ఈ కాపలాదారు ఎంత గట్టిగా కేక పెడితే, తర్వాతి ట్రయల్‌లో నుదుటి వెనకున్న భాగం అంత చురుగ్గా ఉందని, జవాబులోనూ ఆ సవరింపు కనిపించిందని తేల్చింది.

అప్పటిదాకా కొలతలో దోషంగా, తుడిచేయాల్సిన మరకగా కనిపించిన పాత బాకీయే ఒక తగువుని తీర్చిందన్నమాట. అప్పటినుంచి లెక్కల్లో కాలమ్‌లు పెరిగాయి. సూటి, తిరకాసు అని రెండే ఉండే చోట నాలుగొచ్చాయి. ముందటి జవాబు తప్పయితే దానికి ఇంకో కాలమ్. ఒక తప్పు చేశాక మనిషి తర్వాతి ప్రశ్నకి నెమ్మదిస్తాడని పాట్రిక్ రాబిట్ 1966లోనే చెప్పాడు. పరీక్ష హాల్లో ఒక లెక్క తప్పిందని తెలిసిన పిల్లాడు తర్వాతి లెక్క మీద ఎంతసేపు కూర్చుంటాడో ఇన్విజిలేటర్లకి తెలిసే ఉంటుంది. ఆ నెమ్మది కూడా స్కాన్‌లో పడుతుంది. అది వేరే కాలమ్‌లోకి వెళ్లకపోతే తర్వాతి బొమ్మ నెత్తిన పడుతుంది.

అయితే కాపలాదారు కథ అంత నున్నగా సాగలేదు. 2003లో ఉల్రిక్ మేయర్, ఎడ్వర్డ్ ఆ, పాల్ లారీ ఒక ముల్లు గుచ్చారు. వాళ్ల అభ్యంతరం చిన్న కూడికే. బాణాల ఆటలో తిరకాసులు రెండే రకాలు. మధ్యది ఎడమ, చుట్టూ కుడి. లేదా మధ్యది కుడి, చుట్టూ ఎడమ. కాబట్టి తిరకాసు తర్వాత తిరకాసు వస్తే, సగం సార్లు అచ్చంగా అదే బొమ్మ మళ్లీ వస్తుంది. సూటి తర్వాత తిరకాసు వస్తే అదే బొమ్మ మళ్లీ రావడం అసాధ్యం. మరి ఆ వేగం మనసు కాచుకోవడం వల్ల వచ్చిందా, ఇప్పుడే చూసిన బొమ్మ మళ్లీ రావడం వల్ల వచ్చిందా? అచ్చంగా పునరుక్తి అయిన ట్రయల్స్‌ని తీసేసి చూస్తే తమ ప్రయోగంలో ఆ ప్రభావమే మాయమైందని వాళ్లు చూపించారు. ఎదుటిపక్షం జవాబివ్వడానికి ఏళ్లు పట్టింది. ఒకే బొమ్మ వెంటవెంటనే రాకుండా జాగ్రత్తగా అల్లిన ప్రయోగాల్లో కూడా ఆ ప్రభావం కనిపించిందని 2014 నాటికి సాక్ష్యాలు వచ్చాయి. మొత్తానికి మేయర్ అభ్యంతరం తర్వాత ఎవరూ బొమ్మల వరసని తేలిగ్గా తీసుకోలేదు.

వరసే సగం ప్రయోగం. ఈ సత్యం మెదడు శాస్త్రవేత్తల కంటే ముందు పశువుల దాణా పరిశోధకులకి తెలిసింది! ఒకే ఆవుకి ఒక దఫా ఒక మేత, ఇంకో దఫా ఇంకో మేత పెట్టి పాలు కొలిస్తే, ముందటి మేత ప్రభావం కూడా పాలలో కలిసే వస్తుంది. దాన్ని విడదీయడానికి విలియం కాక్రన్ అనే గణాంక శాస్త్రవేత్త ఇద్దరు పాడి పరిశోధకులతో కలిసి 1941లోనే ఒక పద్ధతి ప్రచురించాడు. ప్రతి మేత తర్వాతా మిగతా ప్రతి మేతా సమానంగా రావాలి. అంతే సూత్రం. 2007లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ అగిర్ ఇదే సూత్రాన్ని స్కానర్‌లోకి తెచ్చాడు. విరామాలు లేకుండా బొమ్మల్ని వరసగా వదులుతూ, ప్రతి బొమ్మ తర్వాతా ప్రతి బొమ్మా సరిసమానంగా వచ్చేలా అమర్చి, పాత బాకీనే నేరుగా కొలిచే పద్ధతి అది. ఆ తర్వాత 2011లో అతని బృందం 'డి బ్రాయిన్ వరసలు' వాడుకలోకి తెచ్చింది. డచ్చి గణితవేత్త నికోలాస్ డి బ్రాయిన్ 1946లో ఈ వరసల మీద రాయడం వల్ల ఆ పేరొచ్చింది. ఏ జత అయినా, ఏ త్రికం అయినా సరిగ్గా ఒక్కసారే వచ్చేలా అల్లిన మాల ఇది.

తెలుగు వాచకంలో ఛందస్సు పాఠం చదివినవారికి ఇలాంటి మాల కొత్త కాదు. యమాతారాజభానసలగం అని మాస్టారు వల్లె వేయించలేదూ? పది అక్షరాలు. మొదటి మూడు యమాతా: లఘువు, గురువు, గురువు. అది యగణం. ఒక అక్షరం జరిగితే మాతారా, మగణం. ఇంకోటి జరిగితే తారాజ, తగణం. ఇలా జరుపుకుంటూ పోతే రగణం, జగణం, భగణం, నగణం, చివరికి సలగం అని సగణం. లఘువు, గురువులతో చేయగలిగిన త్రికాలు ఎనిమిదే. ఎనిమిదీ ఇందులో ఒక్కోసారి వచ్చాయి, ఏదీ రెండోసారి రాలేదు. చివరి రెండక్షరాలూ లఘువు, గురువు. మొదటి రెండూ అవే. ఆ కొసనీ ఈ కొసనీ ముడేస్తే ఎనిమిది పూసల దండ అవుతుంది. లఘువుకి బదులు సూటి, గురువుకి బదులు తిరకాసు పెట్టండి. ప్రతి ట్రయల్‌కీ ముందున్న రెండు ట్రయల్స్ ఏవైనా సరే, అన్ని కలయికలూ సమానంగా వచ్చే స్కానర్ ప్రయోగం సిద్ధం!

రెండు రకాలతో అయితే ఎనిమిదితో సరిపోయింది. పదహారు రకాల బొమ్మలైతే? జతలన్నీ రావడానికి 256 ట్రయల్స్. రెండేసి సెకన్ల చొప్పున ఎనిమిదిన్నర నిమిషాలు. పరవాలేదు. త్రికాలన్నీ రావాలంటే 4,096. అంటే రెండు గంటల పదహారు నిమిషాలు. అంతసేపు గొట్టంలో కదలకుండా పడుకునేవాడు ఎవరు? అందుకని చాలామంది ఒక్క అడుగు వెనక్కి చూసి ఆపేస్తారు. రెండడుగుల వెనకటి బాకీని మాఫీ చేసినట్టే.

వరసని ఎంత సమానంగా కలిపినా, చూసేవాడి బుర్ర ఊరుకోదు. నాణెం ఎగరేస్తే నాలుగుసార్లు బొమ్మే పడిందనుకోండి. అయిదోసారి బొరుసే పడాలని ఇంట్లో పందెం కాసేవారుంటారు, మళ్లీ బొమ్మే అనేవారూ ఉంటారు. 2002లో హ్యూటెల్ బృందం స్కానర్‌లో ఉన్నవారికి చదరాలు, వృత్తాలు ఏ వరసా లేకుండా చూపించింది. వరస లేదని ముందే చెప్పింది కూడా. అయినా, వరసగా కొన్ని చదరాలు వచ్చాక వృత్తం వస్తే మెదడు ముందుభాగం ఉలిక్కిపడింది. లేని నియమాన్ని అల్లుకుని, అది తప్పినందుకు ఆశ్చర్యపోయిందన్నమాట.

ఇదంతా లెక్కల సరదా అనుకుంటే పొరపాటు. తీవ్రమైన ఓసీడీతో బాధపడుతూ, మందులకి లొంగని కొద్దిమంది రోగులకి, ఆ కాపలాదారు ప్రాంతంలో చిన్న భాగాన్ని శస్త్రచికిత్సతో నిర్వీర్యం చేస్తారు. అమెరికాలో అలాంటి ఆపరేషన్ చేయించుకుంటున్న రోగుల మెదడు కణాల స్పందనని, వారి అనుమతితో, సమీర్ సేథ్, ఎమాద్ ఎస్కందార్ బృందం నేరుగా నమోదు చేసింది. ఇక్కడ రక్తం లేదు, ఆలస్యం లేదు. కణాల మాటే. ఆ కణాల స్పందన ఎదుట ఉన్న ట్రయల్ మీదే కాక, ముందటి ట్రయల్ ఎంత కష్టంగా ఉందన్నదాని మీద కూడా ఆధారపడింది. 2012లో అచ్చయిన ఆ ఫలితాల్లో అసలు విశేషం ఆపరేషన్ తర్వాతిది. ఆ ప్రాంతం పోయాక కూడా తిరకాసు బొమ్మకి రోగులు ఎప్పట్లాగే ఆలస్యంగానే జవాబిచ్చారు. ముందటి ట్రయల్‌ని బట్టి సర్దుకునే గుణం మాత్రం పోయింది. ప్రతి గుంతా వాళ్లకి మొదటి గుంతే అయింది. ముందటి ట్రయల్ కాలమ్ లేకుండా లెక్కేసి ఉంటే, ఆపరేషన్ వల్ల ఈ పరీక్షలో తేడా ఏమీ రాలేదని రాసేసేవారు.

కళ్లతో పనిచేసే వృత్తుల్లోనూ ఈ బాకీ బయటపడుతోంది. 2014లో జేసన్ ఫిషర్, డేవిడ్ విట్నీ ఒక గీత వాలుని అంచనా వేయమంటే, మనుషులు అంతకుముందు చూసిన గీత వాలు వైపు ఒరుగుతున్నారని గమనించారు. లడ్డూ తర్వాత టీ చప్పగా అనిపించడానికి ఇది సరిగ్గా ఎదురు. అక్కడ రుచి దూరంగా నెడితే ఇక్కడ చూపు దగ్గరికి లాగుతోంది. ఇలాంటి లాగుడు జాడలు మెదడులో చూపు తొలిమజిలీలోనే ఉన్నాయని 2016లో ఒక స్కాన్ అధ్యయనం చెప్పింది. 2021లో విట్నీ బృందం అదే ప్రశ్నని రేడియాలజిస్టుల ముందు పెట్టింది. రొమ్ము ఎక్స్‌రేని పోలిన నేపథ్యం మీద కంప్యూటర్‌తో చేసిన మచ్చల్ని ఒకదాని తర్వాత ఒకటి చూపించి, ఆకారం గుర్తించమంది. ఏళ్ల అనుభవమున్న కళ్లు కూడా అంతకుముందు చూసిన మచ్చ వైపే ఒరిగాయి.

అవి ప్రయోగం కోసం చేసిన మచ్చలు, రోగులవి కావు. వరస ఎలా ఉండాలో అక్కడ పరిశోధకుల చేతిలో ఉంది. ఆస్పత్రి గదిలో ఒక ఎక్స్‌రే తర్వాత ఏది రావాలో నిర్ణయించేది గణాల సూత్రం కాదు. ఆ పూట ఏ పేషెంటు ముందొచ్చారన్నదే.